నెమలి తోకలో నా అక్షరం

కోల్‌కతా మెటియాబ్రుజ్‌లోని కుట్టు కార్ఖానాలకు నేను ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తాను. నిరుడు దుర్గాపూజల ముందు కొత్త నెమలి డిజైన్ తీసుకెళితే, ఒక కార్ఖానా యజమాని తన ఫోన్‌లో అలాంటి నెమలినే చూపించాడు.

"ఇది ఏఐ గీసింది దీదీ. మీరే కాపీ కొట్టారు."

పనివాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఫోన్ అందుకుని బొమ్మ పెద్దది చేశాను. తోకలో వంకరగా ఒక 'అ'!

"ఇది తెలుగు అక్షరం. నా పేరు అప్పలనరసమ్మ. నా ప్రతి డిజైన్‌లోనూ దీన్ని దాస్తాను. నా పాత డిజైన్లు ఏఐకి ఎవరిచ్చారు?"

"నేనే. అది సొంతంగా గీసిందనుకున్నా," అని ఆయన తలదించుకున్నాడు. ఇకపై నన్నడగకుండా ఇవ్వనని కాగితం రాసిచ్చి, లేబుళ్లపై నా పేరు వేయించాడు.

"ఓలమ్మ, ఆ మిసనుకి తెలుగొచ్చేటే?" అని సంగతి విన్న అమ్మ ఒకటే నవ్వు.

ఇప్పుడు ఆ అక్షరాన్ని దాచడం లేదు. అందరికీ కనబడేలా గీస్తున్నాను.