వియ్యపురాలికి పోసిన సైడర్

మా ఇంట్లో పెళ్లి మాట కుదిరితే రెండువైపుల వాళ్లూ కలిసి కూర్చుని కల్లు తాగుతారు. తాగకపోతే మాట ఖాయం కానట్టే. నేను చేసుకోవాలనుకున్న అతనిది కోస్తా. గచ్చిబౌలిలో ఇద్దరం ఒకే ఆఫీసు. అలాంటివాళ్లకు కల్లు పోస్తే చిన్నచూపు చూస్తారని మా బాపుకు భయం పట్టుకుంది. అందుకే అతను వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని హఫీజ్‌పేట్‌లోని మా ఇంటికి వచ్చే రోజున, బాపు దేశదేశాల బీర్లు తెచ్చి టీపాయ్ మీద వరసగా పేర్చాడు. అది చూసి నేను తీసేయమని అంటుండగానే బెల్లు మోగింది.

ఆ సీసాలు నాకు కొత్త కాదు. జర్మనీది తేటగా, బంగారు రంగులో ఉంటుంది. మింగాక నాలుక చివర చేదు తగులుతుంది. బెల్జియంది మసకమసకగా, ధనియాలూ నారింజ తొక్కా కలిసిన వాసన. ఐర్లండ్‌ది నల్లగా, మాడిన కాఫీలా ఉంటుంది. ఈ తేడాలన్నీ నాకు నేర్పింది అతనే. టీమ్‌తో కూర్చున్నప్పుడల్లా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఏ దేశానిదో చెప్పేవాడు, మేమంతా నోరెళ్లబెట్టేవాళ్లం. ఆడవాళ్ల కోసమని బాపు ఇంగ్లండ్ ఆపిల్ సైడర్ కూడా తెచ్చాడు. ముందు తీపి, వెనకాలే పులుపు, చూడటానికి అచ్చం జ్యూసే.

ఎండలో, ట్రాఫిక్‌లో పడి వచ్చిన వాళ్లమ్మగారు, నేను మంచినీళ్లు తెచ్చేలోగానే బాపు పోసిచ్చిన సైడర్ దాహం మీద సగం గ్లాసు తాగేసి, జ్యూస్ చాలా బాగుందన్నారు. బాపు మురిసిపోయాడు. అది జ్యూస్ కాదనీ, ఆపిల్‌తో చేసిన మందేననీ, ఇగ మాట ఖాయమైనట్టేననీ చెప్పాడు. ఆవిడ మెల్లగా గ్లాసు కింద పెట్టారు. అతను మాత్రం దిగ్గున లేచాడు.

"మా ఇంట్లో ఇలాంటి అలవాట్లు లేవండి. నేనే ఇంతవరకు చుక్క ముట్టలేదు. మా అమ్మ చేత తాగిస్తారా? మీకసలు బుద్ధుందా?"

నా చెవులను నేను నమ్మలేకపోయాను. అబద్ధం ఒక ఎత్తు. అది చెబుతున్నప్పుడు నా ముఖం వైపు చూడటానికి కూడా అతను జంకకపోవడం ఇంకో ఎత్తు. బాపు కొడుకు వయసువాడి ముందు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది బిడ్డా. గిట్లయితదనుకోలే. మన్నించు చెల్లెమ్మా."

నేను కోపంగా అతని వైపు అడుగు వేశాను. ఈలోగా వాళ్లమ్మగారు లేచి బాపు దగ్గరకు వచ్చారు.

"చేతులు దించండి అన్నయ్యగారూ. వీడి చొక్కాలు ఉతికేది నేను. తాగి వస్తాడని నాకెప్పుడో తెలుసు. పెద్దవాళ్ల మీద ఇలా నోరు పారేసుకుంటాడని ఇవాళే తెలిసింది."

ఆవిడ నా వైపు తిరిగి, ఇంకోసారి బాగా ఆలోచించుకోమన్నారు. ఆవిడ అక్కడ ఉండగానే, ఈ మాట ఖాయం చేయొద్దని నేను బాపుతో చెప్పాను.