గుంటలో పడ్డ ఎద్దు

ఎఫీ పిన్ని చేసిన చివరి మామూలు పని, శనివారం సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్లలో వేయడం. ఆదివారం విశ్రాంతి దినమని మా లూయిస్ దీవిలో కత్తి కూడా పట్టరు.

పిన్ని మా ప్రెస్బిటేరియన్ చర్చి ఊడ్చేది. చర్చి వెనకగదిలో చెక్క బీరువా నిండా పాతకాలపు అయ్యగార్లు మా గేలిక్ భాషలో రాసుకున్న ప్రసంగాలుండేవి. భూస్వామి చర్చికి స్థలమివ్వనంటే సముద్రపు ఒడ్డున నిలబడి చెప్పినవి కొన్ని. చలికాలమంతా పిన్ని ఒక్కో కాగితాన్నీ ఉన్నిగుడ్డల మధ్య పెట్టి, గోరువెచ్చని ఇస్త్రీతో సాపు చేసేది. పెళ్లి మాటెత్తితే, "ఇంతమంది అయ్యగార్లతో కాపురం చేస్తున్నా, చాలదా?" అనేది. వాటిని తీసుకెళ్లి భద్రపరచడానికి ఎడింబరో గ్రంథాలయం వాళ్లు బుధవారం పెట్టెలతో వస్తామన్నారు.

ఆ ఆదివారం పిన్నీ నేనూ ఆరాధనకు ముందే వెళ్లాం. గాలికి వెనకగది పైకప్పు పలకలు లేచిపోయి, వాన ధారగా బీరువా మీద పడుతోంది. పక్కనే కొత్త తివాచీ చుట్ట. పిన్ని బీరువా తలుపు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి, ఎఫీ," అన్నాడు వెనకనుంచి సంఘపెద్ద టార్క్విల్.

"తడిసిపోతున్నాయి, టార్క్విల్. అవసరమైన పని ఆదివారమైనా చెయ్యొచ్చుగా."

"గుంటలో పడ్డ ఎద్దునైతే లాగొచ్చని బైబిల్లో ఉంది. ఇవి ఎద్దులా?"

"ఎద్దు పోతే ఇంకోటి కొనుక్కుంటాం."

"విశ్రాంతి దినాన్ని మీరకూడదని చెప్పే ప్రసంగాలేగా ఇవి? వాటికోసం ఆ దినాన్నే మీరుతావా? రాసినవాళ్లు మెచ్చుకుంటారంటావా?"

పిన్ని బీరువా తలుపు మీంచి చెయ్యి తీసేసింది. నేను బీరువా వైపు కదలబోతే తల అడ్డంగా ఊపింది. అయ్యగారు పొరుగూరి ఆరాధనకు వెళ్లారు. అడగడానికి ఇంకెవరూ లేరు. "గది తలుపు నేను వేసొస్తా, మీరు పదండి," అన్నాడు టార్క్విల్. మేం వెళ్లి కూర్చున్నాం. కీర్తన ఆగినప్పుడల్లా గోడ అవతల నీళ్ల చప్పుడు. పిన్ని పెదవులు మాత్రం కదిలాయి, పాట రాలేదు.

సోమవారం తెల్లవారేసరికి సిరా అంతా కరిగి, కాగితాలు గంజిలో నానిన గుడ్డల్లా ముద్దయ్యాయి. పిన్ని వాటిని కొట్టంలో పరిచి, ఆ చలిలో వాటి దగ్గరే కూర్చుంది. బుధవారం వచ్చినవాళ్లలో ఒకాయన, "ఇన్నాళ్లూ కారే కప్పు కింద ఎలా ఉంచారండీ?" అన్నాడు. ఖాళీ పెట్టెలు మళ్లీ ఓడెక్కాయి. అప్పటికే పిన్నికి దగ్గు పట్టుకుంది. ఆ నెలలోనే పోయింది.

సమాధి దగ్గర టార్క్విల్, "ఆజ్ఞ మీరని మనిషి," అన్నాడు. అందరూ తలలూపారు.

మొన్న కొట్లో ఆయన భార్య పెగ్గీ కనబడితే, మాటవరసకు ఆయనెలా ఉన్నాడని అడిగాను.

"నడుము లేవనివ్వడం లేదమ్మా. పైకప్పు కారిన ఆదివారం పట్టుకుంది. కొత్త తివాచీ తడిసిపోతుందని ఆ చుట్ట ఒక్కడే బల్లమీదికి ఎత్తాడు."