మేం కొయ్యని కొమ్మ కోసం పులివెందుల దాకా

మే నెలలో ఒక గురువారం పొద్దున ఏడు గంటలకు నేను ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. భుజాన సంచి, అందులో నీళ్ళ సీసా, ఆధార్ కార్డు. ఫోను మాత్రం చేతిలోనే ఉంది. లోపల పెట్టడం, మళ్ళీ తీసి చూడటం. అందులో ఒక ఫోటో ఉంది. పెద్ద వేపచెట్టు కొమ్మ ఒకటి సగం తెగి, ఒక ఇంటి మీదికి వేలాడుతోంది. దాని కింద ఇలా రాసి ఉంది:

"చెట్టు సగం కొట్టి పోయినారు. కొమ్మ మా ఇంటి మీద ఉండాది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఇంట్లో మా అమ్మ, నా బిడ్డలు ఉండారు. గాలొస్తే ఏం కావాల? పులివెందుల."

ఐదు స్టార్లకు ఒక్కటే ఇచ్చారు. పేరు మస్తాన్ అని ఉంది. ఆ మాటలు మా పేజీలో ఉన్నాయి. మేమేమో పనికి పులివెందులకు ఎన్నడూ పోలేదు.

మాది చెట్ల పని. మా ఆయన ఓబులేసు నాకు మేనమామ, మామా అనే పిలుస్తాను. మాకు మేకలుండేవి. వాటికి మేత కొట్టడానికి చెట్లెక్కి ఎక్కి ఆయనకు ఆ పని చేతికొచ్చింది. ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు కోయడం, ఎండిన చెట్లు దించడం, చెదలు పట్టినవాటికి మందు వేయడం చేస్తాం. ఆయన పైన ఉంటాడు, నేను కింద తాడు దగ్గర ఉంటాను. ఫోను సంగతి కూడా నాదే. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, ఆయన నేర్చుకోలేదు.

మా వీధి చివర జిరాక్సు షాపు హరి మాకు వెబ్‌సైటు చేసిపెట్టాడు. మొదట 'వృక్ష సంరక్షణ సేవలు' అని రాశాడు. మూడు నెలలు ఒక్కరూ పిలవలేదు. జనం అట్లా వెతకరని చెప్పి, 'చెట్టు కొట్టేవాళ్ళు', 'ఇంటి మీది కొమ్మలు కోసేవాళ్ళు' అని రాయించాను. మ్యాపులో మా ఇంటి గుర్తు పెట్టించాను. పని చేసిన ప్రతిచోటా ముందూ వెనకా ఫోటోలు తీసి ఎక్కించాను, పని నచ్చినవాళ్ళను రెండు ముక్కలు రాయమని అడిగాను. ఫోన్లు రావడం మొదలైంది. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు కూడా చేర్చాం. జమ్మలమడుగు, మైదుకూరు, ఎర్రగుంట్ల, పులివెందుల. ఎవరైనా ఆ ఊళ్ళో వెతికితే ముందు మేమే కనబడాలని.

ముందు మేమే కనబడ్డాం. ఎవరో కోసి వదిలిపెట్టిన కొమ్మకు కూడా.

బుధవారం సాయంత్రం ఆ మాటలు చూసి హరి దగ్గరికి పరుగెత్తాను. వాడు తాపీగా అన్నాడు: "కంప్లైంట్ పెడతా పెద్దమ్మా, నాలుగు దినాలకు తీసేస్తారు. నువ్వేం భయపడాకు."

"ఆ మాట పోతాదిలేరా. ఆ కొమ్మ యాడికి పోతాది?"

వాడు స్క్రీను మీద ఫోటో పెద్దది చేసి చూశాడు. 'మేం మీ ఊరికి రాలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఆ మాటల కిందే నాచేత జవాబు రాయించాడు. తెల్లారేదాకా ఫోను మోగలేదు. నాలుగు దినాలుగా సాయంత్రమైతే గాలులు వస్తున్నాయి. మామ జమ్మలమడుగులో చిన్న పనికి ఒక్కడే పోయి ఉన్నాడు. ఆయన దగ్గరుండేది బటన్ల ఫోను, ఫోటో పంపడానికి లేదు. అందుకని నేనే బయలుదేరాను.

ఏడుంబావుకు పల్లెవెలుగు వచ్చింది. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తున్నారు, ఈ దారిన వచ్చేవాళ్ళు కార్డు మరిచిపోవద్దు. నా పక్కన గాజుల మూట పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఊరు దాటగానే ఫోను మోగింది. ఏదో పరాయి దేశపు నంబరు. ఇట్లాంటి ఫోన్లు ఎత్తి బ్యాంకులో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

గాజులావిడ తొంగి చూసింది. "ఎత్తద్దక్కా. ఎత్తినావంటే నీ దుడ్లన్నీ గుంజుకుంటారు."

మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఎత్తలేదు. తర్వాత ఒక మెసేజి వచ్చింది. కదిలే బస్సులో అక్షరాలు కూడబలుక్కుని చదివాను: "నేను మస్తాన్. కువైట్ నుంచి. దయచేసి ఫోన్ ఎత్తండి."

వెంటనే నేనే చేశాను.

"ఎన్నిసార్లు చేయాల? దుడ్లు తీసుకుని పోయి దాంకుంటారా?" మొదటి మాటే కేక. బస్సులో అందరూ తిరిగి చూశారు.

"అది మా పని కాదప్పా. మేం మీ ఊరికి యానాడూ రాలే."

"రాకుంటే మీ పేజీలో పులివెందుల అని ఎందుకు రాసుకున్నారు?"

"పిలిస్తే వద్దామని రాసుకున్న్యాం."

అతను ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. "అయితే పిలుస్తాండా. రాండి. మా అమ్మ ఆ ఇల్లు వదిలి బయటికి రానంటాది."

అతను ఇంటి గుర్తులు చెప్పాడు, భార్య షాహీనా నంబరు ఇచ్చాడు. నేను సరే అన్నాను. వస్తానని చెప్పింది నేను, ఎక్కవలసింది మామ. వేరేవాళ్ళు సగం కోసిన కొమ్మ ఎప్పుడు, ఎటు విరుగుతుందో ఎవరికీ తెలియదు. అట్లాంటి దాని దగ్గరే మా మరిది నడుము విరిగి మంచానపడ్డాడు.

ఎనిమిదికి జమ్మలమడుగులో దిగాను. గండికోట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆటోల దగ్గర బేరాలాడుతున్నారు. మామ బస్టాండు వెనక సందులో ఒక ఇంటి కానుగచెట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి దిగి వచ్చాడు. ఇద్దరం పక్కనే బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఫోటో చూపించి, మస్తాన్‌కు మాటిచ్చిన సంగతి చెప్పాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి, తెగినచోటే చాలాసేపు చూశాడు.

"కింద గాటు పెట్టకుండా పైనుంచే కోసినాడు. చీలిపోయింది. బెరడు మింద నిలబడుండాది."

"పోలీసులకు చెప్పి వద్దాం మామా. ఫైరోళ్ళు వస్తారు."

"వాళ్ళొచ్చేలోపల గాలొస్తాది. నువ్వు వస్తామని మాటిచ్చినానంటివే?"

"నేను వస్తానన్న్యా. నువ్వు ఎక్కుతావని చెప్పలే."

"నువ్వు ఎక్కుతావా ఏంది?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కానుగచెట్టు వాళ్ళకు రేపు వస్తానని చెప్పి, తాళ్ళు, రంపం, నడుముకు కట్టే బెల్టు గోతాములో వేసుకున్నాడు.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు నేరుగా బస్సు కోసం కాచుకోకుండా ముద్దనూరులో మారితే తొందరగా పోవచ్చు. మేం అట్లాగే పోయాం. రెండో బస్సులో గోతాము పైన పెట్టబోతే కండక్టరు ఆపాడు. "రంపాలు గింపాలు ఏందప్పా, యాడికి పోతాండారు?" తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఒకాయన మా ముందు సీటులో ఉన్నాడు. ఆయనే గోతామును తన కాళ్ళ కింద పెట్టించుకుని, కథంతా విని అన్నాడు: "మీరు కొయ్యని కొమ్మకు మీరెందుకు పోతాండారు? రేపు అది పడి ఎవరికన్నా దెబ్బ తగిలితే మీ మీదికే వస్తాది."

మామ వంగి గోతాము మూతి బిగించాడు. నాకు మాత్రం ఆ మాట పులివెందుల దాకా చెవిలో ఉండిపోయింది. నిజమే. ఈరోజు వరకు మేం ఆ చెట్టును ముట్టుకోలేదు. ముట్టుకున్నాక అది మాదే అవుతుంది.

పదకొండున్నరకు పులివెందులలో దిగి ఆటోలో పోయాం. సందు మొదట్లోనే చెట్టు కనబడింది. ఫోటోలో కంటే పెద్దది. కొమ్మ వంటింటి రేకుల మీదికి ఒక చెయ్యి ఎత్తులో వేలాడుతోంది. దాని ఆకులు అప్పటికే వాడి ఉన్నాయి. సందులో జనం మమ్మల్ని చూసి గుమిగూడారు.

"వచ్చినార్రా దొంగలు" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన గోతాము పట్టుకున్నాడు. అప్పుడు లోపలినుంచి ముసలామె వచ్చింది. మస్తాన్ తల్లి. మామ ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"వీడు కాదు. ఆ వచ్చినోడు పొట్టోడు. వదలండి."

షాహీనా బిడ్డల్ని ఎదురింట్లో పెట్టింది. అత్తను మాత్రం కదిలించలేకపోయింది. "నా ఇల్లు ఇడిసిపెట్టి నేన్యాడికి పోదును?" అంటుందామె. మామ ఆమెతో వాదించలేదు. "అయితే తాడు పట్టుకోవాల పెద్దమ్మా. నాకు కింద మనుషులు చాలరు" అన్నాడు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని బయటికి వచ్చింది.

పన్నెండు నుంచి రెండు దాకా మామ చెట్టు మీదే ఉన్నాడు. బెల్టును మొద్దుకు బిగించుకున్నాడు. తాడును పై కొమ్మల పంగలోంచి వేసి కొమ్మకు కట్టి, కింది కొసను మొదలుకు మూడు చుట్లు చుట్టించాడు. నేను ముందు, వెనక షాహీనా, ఆ వెనక ముసలామె. సందులోని మగవాళ్ళు ఎవరూ తాడు పట్టలేదు. పడితే ఎవరి తప్పవుతుందోనని దూరంగా నిలబడ్డారు. షాహీనా తన ఫోనును గోడ మీద ఆనించింది. అందులో మస్తాన్ కువైట్ నుంచి చూస్తున్నాడు.

"అమ్మను పక్కకు తియ్యి!" అని అరుస్తాడు.

"నువ్వు గమ్మునుండు రా, పని చేయనీ" అని ముసలామె ఫోను వైపు చూడకుండానే కసురుతుంది.

బరువు తగ్గించడానికి మామ కొసల నుంచి చిన్న చిన్న రెమ్మలు కోసి దించాడు. సగం అయింది. అప్పుడు గాలి లేచింది. దుమ్ము కళ్ళలో పడింది. పైన ఏదో చీరినట్టు పెద్ద శబ్దం వచ్చింది. తాడు ఒక్కసారిగా జారి నా అరచేతులను కాల్చింది. ముగ్గురం మొదలు వైపు ఈడ్చుకుపోయాం. కొమ్మ ఊగి రేకుల మూలను కొట్టింది. రేకు విరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే చెయ్యి సడలుతుంది, సడలితే కొమ్మంతా ఇంట్లోకి దిగుతుంది. పైన మామ ఉన్నాడో లేదో తెలియదు. చెట్టు చుట్టూ ఉన్న తాడునే చూస్తున్నాను. వెనక ముసలామె అల్లా, అల్లా అంటోంది. గోడ మీది ఫోనులోంచి మస్తాన్ ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు: "ఏమాయె? అమ్మా! షాహీనా! ఎవురన్నా మాట్లాడండి! ఎవురన్నా ఒకరు మాట్లాడండి!"

ముగ్గురి చేతులూ తాడు మీదే ఉన్నాయి.

ఎంతసేపయిందో నాకు తెలియదు. పైనుంచి సన్నగా వినిపించింది. "ఏమ్మే. ఉండావా?"

"ఉండా."

"వదులు. మెల్లగా. జానెడు జానెడు."

జానెడు జానెడుగా వదిలాం. కొమ్మ వంటింటి పక్క ఖాళీ నేల మీద కూర్చుంది. అప్పుడు తల ఎత్తాను. మామ బెల్టుకు వేలాడుతూ, ఒక కాలితో మొద్దును వెతుక్కుంటున్నాడు. కాలు జారి అంతసేపూ అట్లాగే ఉన్నాడట. సందులోని మగవాళ్ళు అప్పుడు పరుగెత్తుకొచ్చి నిచ్చెన వేశారు.

నా రెండు అరచేతులూ తోలు లేచాయి. షాహీనా పసుపు, నూనె పూసి గుడ్డ కట్టింది. అన్నం పెట్టారు. కూలి ఇస్తే తీసుకున్నాం, విరిగిన రేకుకు కొంత తగ్గించి.

ఫోనులో మస్తాన్ గొంతు బొంగురుపోయింది. "ఆ రాసింది ఈ దినమే తీసేస్తానక్కా."

"తీసెయ్ అప్పా. కానీ ఆ పొట్టోడు ఎవరో ఏమన్నా తెలుసా?"

"తెలీదక్కా. సందులో ఎవురో నంబరిచ్చిరి. ఇప్పుడు స్విచ్చాఫ్ వస్తాంది. ఎంత వెతికినా దొరకడు. వెతికితే మీరే వస్తాండారు."

సాయంత్రం ఐదున్నరకు పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు దొరికింది. ఆ దారిన పోయేవాళ్ళు చీకటి పడకముందే బయలుదేరడం మంచిది, తర్వాత బస్సులు తక్కువ. మాకు వెనక సీటు దొరికింది. బస్సు కదిలాక మామ కళ్ళు మూసుకునే అన్నాడు: "ఏమ్మే, ఆ ఊరి పేరు తీసెయ్. ఇంత దూరం మనతో కాదు."

గుడ్డ కట్టిన చేత్తో ఫోను తెరిచాను. ఊళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. పులివెందుల పక్కన చిన్న గుర్తు ఉంది, ముట్టుకుంటే పోతుంది. ఆ ప్రయాణంలో నాకు మిగిలింది భయమే. పైన మామ గొంతు వినబడని ఆ కాసేపటిని మళ్ళీ భరించలేను. కానీ ఆ పొట్టి మనిషి ఈపాటికి ఇంకో సందులో రంపం పట్టుకుని ఉంటాడు. అతనికి పేజీ లేదు, పేరు లేదు. ఏ ఇంటి మీదో సగం కోసి పోతాడు. ఆ ఇంటివాళ్ళు ఫోను తీసి వెతుకుతారు.

కిటికీలోంచి వచ్చే గాలికి నా కొంగు మొహాన కొడుతోంది. ముద్దనూరు వచ్చింది, పోయింది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ దీపాలు కనిపించే చోట మామ కళ్ళు తెరిచాడు.

"తీసేసినావా?"

"లేదు."

ఆయన కిటికీ వైపు తిరిగి, గాలికి వంగి లేస్తున్న రోడ్డు పక్క చెట్లను ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.