గోడ మీద రాసిన తాళంచెవి

దగ్గరగా జరిగి కూర్చోండి, వీధిలోకి వినపడేలా చెప్పే సంగతి కాదిది.

సింహాద్రిపురం పక్కన మా ఊరు. వీధికి ఇటు మా పార్టీ, అటు వాళ్ల పార్టీ. ఎదురింటికి మేము పెళ్లికీ పోము, చావుకూ పోము. ఇంట్లో వైఫై పెట్టించినప్పుడు మా ఆయన పాస్‌వర్డ్‌గా మా నాయకుడి పేరూ, ఆయన గెలిచిన మెజారిటీ అంకెలూ పెట్టాడు. అవే మా ప్రహరీ గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాసి ఉండేవి.

ఎన్నికల ముందు ఒక పొద్దున మా పార్టీవాళ్లే నలుగురు కట్టెలు పట్టుకొని వచ్చారు. నాయకుణ్ణి బూతులు తిట్టిన పోస్టొకటి ఫోన్లలో తిరుగుతోంది. స్టేషన్లో ఆరా తీస్తే, అది మా ఇంటి కనెక్షన్ నుంచే పోయిందని తేలిందట.

"ఏంరా, అటుపక్క చేరినావా?"

"బిడ్డల మీద ఒట్టప్పా, నేను రాయలే!"

"నీ ఇంట్లోంచే పోయింటే, దయ్యం రాసిందా?"

మా ఆయన చొక్కా పట్టుకున్నారు. పోయిన ఎన్నికలప్పుడు ఇట్లా పక్క మారాడన్న అనుమానంతోనే మా మరిదిని చంపేశారు. నేను పరుగున పోయి, కువైట్‌లో వైఫైలు బిగించే పని చేసి వచ్చి, మా ఇంట్లోనూ బిగించిన సాయిబుల ఇంటి తమ్ముణ్ణి పిలుచుకొచ్చాను. అతను వైఫై డబ్బా లెక్కలు తన ఫోన్లో తెరిచాడు.

"మూడు ఫోన్లు వాడుకుంటాండాయక్కా. మీయి రెండు. మూడోదానికి ఎదురింటాయన పేరుండాది."

మా ఆయన నోరెళ్లబెట్టాడు. "మంచి తాళం పెట్టినానంటివే! యాడ దూరినాడు?"

"తాళం మంచిదే మామా. పాత రకమైతే ఎవడైనా ఇరగ్గొడ్తాడు. ఈ కొత్తది మీ మాటల్ని గాల్లో ఎవురికీ అర్థం కాకుండా కలగాపులగం చేసి పంపిస్తాది. తాళంచెవి గోడ మీద రాసుకుంటే అదేం చేస్తాది?"

ఎదురింటాయన అరుగు మీద నుంచి నవ్వాడు. "మీ నాయకుని పేరు కొట్టే లోపలికొచ్చినా. శానా మర్యాదగా తెరుచుకునింది!"

నలుగురూ మా ఆయన్ని వదిలి అటు ఉరికారు. అతను లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడు. రాళ్లకు తలుపు పగిలింది. నేను ఆపలేదు. ఆపాలని అనిపించనూ లేదు.

ఇంత జరిగినా మా ఆయన మొండికేశాడు. "పేరు తీస్తే మళ్లా పక్క మారినా అంటారు."

"గోడ మీద ఉండనీ, డబ్బాలో తీసెయ్," అన్నాను.

తమ్ముడు అర్థంపర్థం లేని ఇరవై అక్షరాలూ అంకెలూ పెట్టి, నా చెవిలో రెండుసార్లు చెప్పాడు. మూడో తరగతితో చదువు మానేసినదాన్ని, అయినా నోటికి పట్టేశాను, యాడా రాసుకోలేదు. ఈరోజుకీ కొత్త ఫోను తెస్తే మా ఆయన నా దగ్గరికే రావాలి.

మీ తలుపు మీద రాయి పడకుండా, పొద్దున గడప దాటినవాళ్లు పొద్దుగూకేసరికి ఆ గడప లోపలికే వచ్చేలా, మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.