మూటల కాడి మనిషి

ఇదివరకు ఆ ఇంట్లో తెల్లవారిందంటే రెండు రోకళ్ళ చప్పుడు వినిపించేది. ఒకటి దిగుతుంటే ఒకటి లేచేది. అత్త జగ్గమ్మది బరువు పోటు, కోడలు దాలమ్మది తేలిక పోటు. ఆ చప్పుడు విని వీధిలో వాళ్ళు పశువుల్ని విప్పుకునేవారు. నాలుగు నెలలుగా ఒక్క రోకలే దిగుతోంది. దిగిన రోకలి లేవడానికి ఆలస్యం చేస్తోంది. కుంచెడు ధాన్యం దంచేసరికి పొద్దు నడినెత్తికొస్తోంది.

"ధాన్యం మిల్లులో పనిచేసే మొగుడుండగా నీకీ దంపుడేటే?" అని నీళ్ళకెళ్ళే మరిడమ్మ ఆగి అడుగుతుంది. ఏం చెబుతుంది? మావ సోములుకి మరబియ్యం సయించదు.

దాలమ్మ పదమూడో ఏట ఈ ఇంటికొచ్చింది. జగ్గమ్మ అత్తే కాదు, సొంత మేనత్త, తండ్రి తోడబుట్టింది. ఇరవై ఏళ్ళు ఒకే రోటికి ఎదురెదురుగా నిలబడ్డారు. మాటలన్నీ అక్కడే. పోటుకీ పోటుకీ నడుమ ఊపిరాడేంత సందులో ఒక మాట, మళ్ళీ పోటు. అత్త పోయిన పదకొండు రోజులూ వచ్చినవాళ్ళకి వండి పెట్టడానికే సరిపోయింది, ఏడవడానికి దాలమ్మకి తీరిక దొరకలేదు. పన్నెండో రోజు తెల్లారగట్ల రోలు దగ్గరకొచ్చి, ఎదర ఎవరూ లేకపోతే, అప్పుడు ఏడ్చింది.

పలకరింపుకి ఎవరొచ్చినా సోములుది ఒకటే మాట.

"దానికి నాను ఏటి లోటు సేసాను, సెప్పండి. శ్రీకూర్మం ఏడుసార్లు తీసుకెల్లాను. ఏడుసార్లూ కూర్మనాథుణ్ణి కళ్ళారా సూసుకుంది. పున్నెం సేసుకున్న మనిసి."

ఆ మాట అనుకుంటేనే ముసలాయనకి ముద్ద దిగేది. ఆ మాట చెవిన పడితే దాలమ్మ తల వంచుకుని వంటింట్లోకి పోయేది.

ఎందుకంటే, పోవడానికి నెల ముందు, రోటి దగ్గర, జగ్గమ్మ మామూలుగా ఉప్పు సంగతో పప్పు సంగతో చెప్పినట్టు చెప్పింది: "ఏడుసార్లు ఎల్లాను గానీ దాలీ, ఒక్కసారీ లోనికెల్లనేదు."

దాలమ్మ రోకలి గురి తప్పి రోటి అంచుకి తగిలింది. చేతులు జివ్వుమన్నాయి. అత్త మాత్రం పోటు ఆపలేదు. "మీ మావతో అనకే. పాపం, సిన్నబుచ్చుకుంటాడు" అంది. అంతే. ఆ మాట దాలమ్మ కడుపులో రాయిలా ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒకనాటి సాయంత్రం దాలమ్మ మొగుడు నరసింగరావు ఆమదాలవలస నించి సైకిలు మీద వస్తూనే కబురు తెచ్చాడు. మిల్లులో మర బాగుచేస్తారట, రెండు రోజులు సెలవు. నానమ్మ పోయినకాణ్ణించి పదేళ్ళ కూతురు కూర్మమ్మ బెంగతో చిక్కిపోయింది, తిండి సరిగ్గా తినదు. పిల్లని విశాఖపట్నం తిప్పుకొద్దామన్నాడు.

"పట్నం ఎల్తే సింహాచలం ఎల్దారి" అన్నాడు సోములు అరుగు మీంచి.

"ఏడాది మైల గదా నానా. సంవత్సరీకం అయ్యేదాకా కొండెక్కకూడదు, గుడి మెట్టు తొక్కకూడదు."

సోములు బతుకులో ఊరు దాటడమంటే గుడికే. శివరాత్రికి శ్రీముఖలింగం, డోల పున్నమికి శ్రీకూర్మం. దేవుడు లేని ఊరు ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు.

"దేముడు నేకుండా ఊరెల్డమేటిరా? దొంగలెల్తారు అలాగ!"

"సూడ్డానికి సాలా ఉన్నాయి నానా" అని నరసింగరావు వేళ్ళు ముడిచాడు. ఎగ్జిబిషను పెట్టారట, అందులో తాటిచెట్టంత పెద్ద రాట్నం తిరుగుతోందట, ఎక్కితే సముద్రం కనబడుతుందట. పక్కనే కర్ర బావిలో ఒకడు మోటారు సైకిలు తోలుతాడట. ఇంకో మైదానంలో సర్కసు. ఇంకోవైపు హార్బరు, ఓడలు. రెండు రోజుల్లో అన్నీ కుదరవు. ఏవి చూడాలో ఇప్పుడే అనుకోవాలి.

"బావిలో బండేటి?" అన్నాడు సోములు. "పడ్డోణ్ణి బావిలోంచి తీస్తారు గానీ, బండితో సహా దిగడమేటి?"

"గోడ మీద తిరుగుతాడు తాతా!" అని కూర్మమ్మ వేలితో గాలిలో సున్నాలు చుట్టింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

దాలమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రెండు రోజుల ప్రయాణానికి బియ్యం, పప్పు, చింతపండు, గిన్నె, గరిటె అన్నీ మూట కట్టాలి. ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

సోములు గొంతు సవరించుకున్నాడు. ఊరుకి వెళ్ళడంలో ఆయన ఆరితేరిన మనిషి, ఆయన లెక్కలు ఆయనకున్నాయి.

"సముద్రం కాడ వొద్దు. గాలికి పొయ్యి నిలవదు. ఆ రాట్నం కాడ జనం తొక్కేస్తారు, మూడు రాళ్ళు పెట్టుకోడానికి సోటుండదు. సర్కసు మైదానమంటన్నావు గదా, అక్కడ సెట్టు నీడుంటాది. అక్కడ వండుకోవచ్చు. సర్కసుకే ఎల్దారి."

నరసింగరావు తలాడించాడు. అతనికీ అది సబబుగానే తోచింది.

దాలమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. సింహాలున్నాయని కాదు, ఓడలున్నాయని కాదు. పొయ్యి ఎక్కడ నిలుస్తుందో అదీ చూడదగ్గ చోటు. అత్త బతుకంతా చూసిన లోకం ఇదన్నమాట.

"మరి మాతో అమ్మ వస్తాదా లోనికి?" అంది కూర్మమ్మ.

"మీ యమ్మ మూటల కాడ ఉంటాది. మూటలెవుడు సూస్తాడు, కుక్కా? మీ నానమ్మ ఉండేది కాదేటి? మేం సూసొచ్చాక అది ఎల్లి సూసొచ్చీది."

"ఎల్లనేదు మావా."

ఎవరన్నారో దాలమ్మకే ఒక క్షణం తెలియలేదు. తన గొంతే.

సోములు ఇటు తిరిగాడు. "ఏటన్నావు?"

"అత్త ఎల్లనేదు. ఏడుసార్లలో ఒక్కసారీ లోనికెల్లనేదు. మీరొచ్చీసరికి అన్నం ఉడికీది. మీకు వడ్డించీది. మీరు తిన్నాక తను తిని, గిన్నెలు తోమీది. తోమీసరికి నువ్వు ఎడ్లు కట్టీవోడివి. సీకటి పడిపోతాది, బేగి బండెక్కు అనీవోడివి. బండి ఇప్పిన తోటలోంచే గోపురానికేసి దండమెట్టుకునీది."

నరసింగరావు చేతిలో బీడీ అలాగే కాలుతోంది.

"అబద్ధం" అన్నాడు సోములు. గట్టిగా అన్నాడు. "దేముడు ఎలాగుంటాడో దీనికి కథలు కథలుగా సెప్పింది గదా! ఈ గుంటకి ఆ పేరెట్టింది అదే గదా!"

"అవునమ్మా" అంది కూర్మమ్మ. "తాబేలులాగ ఉంటాడనీ, పడమటికి సూస్తాడనీ సెప్పింది నాకు."

"మీరు బండిలో సెప్పుకుంటుంటే విన్నాది. విన్నదే సెప్పింది."

సోములు వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. వరదొచ్చిన ఏడు, తనతో లోపలికొచ్చింది తన చెల్లెలు. నరసింగుకి పుట్టువెంట్రుకలు తీసిన ఏడు, పిల్లాణ్ణి తానే ఎత్తుకున్నాడు, జగ్గమ్మెక్కడుంది? తోటలో ఉంది. ఎద్దు కుంటిన ఏడు. తోటలో. ఏడో వేలు దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

"మరి నాతో అననేదేటి?" అన్నాడు చిన్నగా.



"రేపే బండి కడతాను" అని ముసలాయన లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు. ఎవరి కోసం కడతాడు? పైగా ఏడాది మైల. ఆమె బదులు తానైనా వెళ్ళి ఒక దండం పెడదామన్నా గుడి మెట్టు తొక్కకూడదు.

నరసింగరావు గడప దగ్గరకొచ్చి పళ్ళ మధ్యనించి అన్నాడు: "ముసిలోడు ఆ ఒక్క మాట పట్టుకుని బతకతన్నాడు. అదీ లాగేసావు. ఏటొచ్చింది నీకు?"

నిజమే. అత్త వద్దన్న మాట దాలమ్మ అనేసింది. ఇరవై ఏళ్ళలో మావకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. అది ఇలాంటి మాటా! ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ బియ్యం ఏరుతూ కూర్చుంది. రాయేదో గింజేదో కళ్ళకి ఆనడం లేదు.

అరుగు మీద సోములు ముక్కు చీదుకున్న చప్పుడైంది.

"ఒరే నర్సింగూ. సర్కసు వొద్దు. ఆ పెద్ద రాట్నానికే ఎల్దారి."

"వండుకోడానికి సోటు నేదన్నావు గదా నానా?"

"ఎక్కడో ఓ మూల నాను కూకుంటాను. మూటల కాడ నానుంటాను. దాలమ్మ ఎక్కుతాది."

నరసింగరావు ఉలిక్కిపడ్డాడు. తన పళ్ళెం తాను తీయని మనిషి మూటల కాడ కూర్చుంటానంటున్నాడు. కూర్మమ్మ తాత ముఖంలోకి వంగి చూసింది, ఎగతాళేమోనని. కాదు.

దాలమ్మకి మాత్రం ఎగ్జిబిషను దుమ్ములో, జనం కాళ్ళ మధ్య, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయన కనబడ్డాడు. ఊరొచ్చాక ఎవరైనా అడిగితే, రాట్నం ఎంత ఎత్తుందో కోడలు చెప్పగా విన్నది చెబుతాడు.

"బేగి ఏరీయే" అన్నాడు నరసింగరావు. "మూట కట్టాల."

"మూట నేదు బావా."

"మరి తిండో?"

"పట్నం నిండా వోటళ్ళేనని రోజూ సెప్తావు గదా."

"వోటలు కూడు నాను తిననే!" అన్నాడు సోములు అదిరిపడి. "ఎవుడు వండుతాడో ఏటో!"

"అయితే పస్తుండు మావా. పస్తుండి రాట్నం ఎక్కు."

అనేశాక దాలమ్మ నాలిక కరుచుకుంది. కూర్మమ్మ కిసుక్కున నవ్వి, నోటికి పావడా అడ్డం పెట్టుకుంది. సోములు కోడలికేసి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు, కాని వద్దనలేదు.

దాలమ్మ చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఏరినవి ఒక పక్క, ఏరనివి ఒక పక్క ఉన్నాయి. రెండూ కలిపేసి, రాళ్ళతో సహా, మళ్ళీ కుండలో పోసేసింది.