చుక్కాని పిల్ల కోసం మ్యాట్నీకి

నా చిన్నప్పుడు మా పేటలో సినిమా చూసినవాళ్లను మూడు నెలలు బల్లకు దూరంగా పెట్టేవారు. బల్ల అంటే ప్రభువు బల్ల, నెలకోసారి చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం. ఆ కట్టడి పెట్టిన పెద్దల్లో మా తాతయ్య ఒకరు. బందరులో సినిమాహాలు ముందు నుంచి నడవాల్సి వస్తే ఆయన తల అటు తిప్పేవారు కాదు. అలాంటి మనిషి ఒకనాడు మ్యాట్నీకి మూడు టిక్కెట్లు కొన్నారు. ఎందుకు కొన్నారో తెలియాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. పసితనంలో వచ్చిన జ్వరానికి దాని కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి అదిమిపెట్టి ఒక్కో అడుగూ వేసేది. కాలువ మీది తాటిదుంగ దాటలేక చేరిన రెండేళ్లకే బడి మానేసింది. చదువు మాత్రం అబ్బింది. సండే స్కూల్లో దానంత స్పష్టంగా బైబిలు వాక్యం చదివేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆ రోజుల్లో ఒక పిల్లల మాసపత్రికలో పడవ కథ వస్తుండేది. ఒకటి ముగిశాక దాని వెనకే ఇంకొకటి, అలా నాలుగేళ్లు వచ్చింది. ఆరుగురు పిల్లలు ఒక పడవెక్కి మాయదీవులన్నీ తిరుగుతారు. వాళ్లలో ఒక పిల్ల కుంటిది. దీవుల్లో దిగి నడవలేదు కాబట్టి చుక్కాని పట్టుకుని పడవలోనే ఉండిపోతుంది. రాక్షసులు తరిమినా, సముద్రం పొంగినా, తక్కిన ఐదుగురినీ ఇంటికి చేర్చేది ఆ పిల్లే. కథలో దానికి ఏదో పేరుండేది. మేం మాత్రం చుక్కాని పిల్ల అనే అనేవాళ్లం.

పత్రిక వచ్చేది ఊళ్లో మోతుబరిగారి ఇంటికి. వాళ్లబ్బాయి దాన్ని చొక్కా లోపల దాచుకుని మా చర్చి వరండాకు తెచ్చేవాడు. వాళ్లింట్లో ఆ కథ గురించి మాట్లాడేందుకు ఎవరూ లేరు, మా వరండాలో పదిమందిమి ఉండేవాళ్లం. అక్క చదివేది. చదవడం అయ్యాక తగువులు మొదలయ్యేవి. మూడో దీవిలో ముసలమ్మ మంచిదా చెడ్డదా, రాక్షసుడి ప్రాణం ఉన్నది చేపలోనా ముత్యంలోనా అని వాదించుకునేవాళ్లం. ఫలానా నెల, ఫలానా బొమ్మ కింద అని వాక్యం ఎత్తి చూపినట్టు చూపేవాళ్లం. ఎంత తగువైనా చివరికి అక్క ఏది చెబితే అది.

ఆ కథను సినిమాగా తీశారు. బందరులో మామయ్యగారింటికి వెళ్లిన మోతుబరిగారి అబ్బాయి ముందుగా చూసి వచ్చాడు. వరండాలో మేమంతా వాడి చుట్టూ చేరాం.

"ఆరుగురు పిల్లలూ లేరు. అందరికీ కలిపి ఒక్క రాజకుమారుణ్ణి పెట్టారు. దీవికో పాట పాడతాడు," అన్నాడు.

"మరి చుక్కాని పిల్ల?" అని అడిగింది అక్క.

"లేదు."

"సరిగ్గా చూశావా? నిద్రపోయి ఉంటావు."

"నిద్రపోతే పాటలన్నీ ఎలా చెప్తాను? మధ్యలో ఒక్కసారి సోడాకి లేచాను, అంతే."

"అదుగో, అప్పుడే వచ్చుంటుంది."

వాడు నవ్వాడు. "నేను సోడా తాగి వచ్చేలోపలే వచ్చి వెళ్లిపోయిందా? కుంటిదానికి అంత తొందరేంటే?"

అన్నాక వాడికే తెలిసొచ్చింది. తల వంచుకుని పత్రిక అంచులు మడుస్తూ కూర్చున్నాడు. అక్క మాత్రం నెమ్మదిగా, "పడవలో కూర్చునే ఉంటుందిగా. నడవక్కర్లేదు," అంది.

ఆ రోజు నుంచి దానికి అదే లోకమైంది. తెర మీద అంతమంది ముందు ఒక కుంటిపిల్ల చుక్కాని పట్టుకుని కూర్చుంటుందని, అందరూ దాన్ని చూస్తారని నమ్మింది. ఆ కాస్తసేపూ కళ్లారా చూడాలి, అంతకుమించి ఏమీ అడగలేదు. మా ఇంట్లో అది అడగకూడని కోరికని దానికి తెలుసు.

ఆ నెలలోనే తాతయ్య అక్కను బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తోడుగా నన్నూ తీసుకెళ్లారు. అంతకుముందు వారం రోజులు ఆయన ఒంటిపూట తిని, పొద్దున్నే గంటసేపు మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. డాక్టరుగారు కాలు వంచి చూశారు, పాదం తిప్పి చూశారు. తర్వాత అక్క వింటుండగానే, "ఇది ఇంతేనండీ పెద్దాయనా. ఆపరేషన్ చేసినా ఉపయోగం లేదు. పిల్ల అలవాటు పడాల్సిందే," అన్నారు. ఆయన కసురుకోలేదు, మోసమూ చెయ్యలేదు. ఉన్నమాట చెప్పారు.

ఆసుపత్రి గేటు దాటాక తాతయ్య రోడ్డు పక్కన ఆగారు. తర్వాత అక్కను చూసి, "ఏం కావాలమ్మా? లడ్డూలు కొననా?" అన్నారు. అక్క ఎదురుగోడ మీద అంటించిన బొమ్మ వైపు చూసింది. అందులో ఒక పడవ ఉంది. "సినిమా తాతయ్యా," అంది.

తాతయ్య ఆ గోడనూ, అక్క కాలినీ మార్చి మార్చి చూశారు. "పదండి," అన్నారు.

హాలు గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విడిచారు. పవిత్రమైన చోటని కాదు, అంతమంది కూర్చునే చోటికి చెప్పులతో వెళ్లడం ఆయనకు తెలియదు. గేటు దగ్గరి మనిషి, "ఇది గుడి కాదండీ పెద్దాయనా, తొడుక్కోండి," అని నవ్వాడు. ఆయన తొడుక్కోలేదు. చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని కళ్లు మూసుకున్నారు. లోపలికి వచ్చినా చూడకూడదని అనుకున్నారు కాబోలు. దీపాలు ఆరిపోగానే అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, నువ్వూ చూడు. నేను ఇటు చూస్తున్నప్పుడు ఆ పిల్ల అటు పక్కన వచ్చిందనుకో." తాతయ్య కళ్లు తెరిచారు.

పడవ వచ్చింది. చుక్కాని దగ్గర ఒక లావుపాటి హాస్యగాడు కూర్చుని ఉన్నాడు. వాడు తూలినప్పుడల్లా హాలంతా నవ్వింది. "వీడు దిగిపోతాడు, తర్వాత అది వస్తుంది," అంది అక్క. వాడు దిగలేదు. ఇంటర్వెల్లో అందరూ లేచి సోడాలకు వెళ్లారు. అక్క లేవలేదు, మమ్మల్నీ లేవనివ్వలేదు. ఖాళీ హాల్లో ముగ్గురం తెల్లటి తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఆట అయిపోయి జనం వెళ్లిపోయాక, ఊడ్చే మనిషి చీపురుతో మా వరుసలోకి వచ్చేదాకా కూడా అలాగే ఉన్నాం.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దాన్ని అలా చూడలేక, "నేను చూశానక్కా. పడవలో ఆ చివర, చీకట్లో కూర్చుని ఉంది," అన్నాను.

"లేదమ్మా," అన్నారు తాతయ్య. "నేనూ వెతికాను. లేదు." నన్ను కోప్పడలేదు. అబద్ధాన్ని మాత్రం ఉండనివ్వలేదు.

కొంతసేపయ్యాక ఆయన బైబిల్లో కోనేటి దగ్గర పడివున్న మనిషి సంగతి ఎత్తారు. ముప్పై ఎనిమిదేళ్లు లేవలేక, రోగం నయం చేసే ఆ నీళ్లలోకి దించేవాళ్లు లేక పడివున్నవాడు. "అతను నాలుగో సువార్తలోనే ఉన్నాడమ్మా. ముందు మూడింట్లో లేడు. వాళ్లు రాయనంత మాత్రాన అతను లేకుండా పోయాడా?"

అక్క ఇటు తిరిగింది. "ప్రభువు మాటతో అతను లేచి నడిచాడుగా తాతయ్యా," అంది. మళ్లీ తనే, "ఆ కోనేటి దగ్గర ఇంకా చాలామంది ఉన్నారుగా. వాళ్లేమయ్యారు?" అని అడిగింది.

ముప్పై ఏళ్లు వాక్యం చెప్పిన మా తాతయ్య దానికి ఏమీ చెప్పలేకపోయారు. జవాబు తెలిసినట్టు నటించలేదు కూడా. వంగి, దాని కుడిపాదాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఊరు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

ఆదివారం ఆరాధన మధ్యలో తనే లేచి నిలబడి, సినిమాకు వెళ్లానని చెప్పారు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మంచివారు, ఆయనకు దారి చూపించబోయారు. "పిల్లల్ని కూర్చోబెట్టడానికి లోపలికి వెళ్లుంటారు. మీరు చూడలేదేమో పెద్దయ్యగారూ."

"చూశానండి. ఒక్కో మొహం వెతికి మరీ చూశాను," అన్నారు తాతయ్య. ఎందుకు వెతికారో చెప్పలేదు.

కట్టడి అందరికీ ఒకటే. మూడు నెలలు బల్ల లేదన్నారు. తాతయ్య ముందున్న పెద్దల కుర్చీ వదిలి, గుమ్మం పక్కన ఆఖరి బెంచీకి వచ్చారు. అది అక్క బెంచీ. అంత దూరం నడవలేక ఎప్పుడూ అక్కడే కూర్చునేది. రొట్టె పళ్లెం, ద్రాక్షారసం గిన్నె తాతయ్యనూ, ఇంకా బల్ల తీసుకునే వయసు రాని అక్కనూ దాటుకుని వెళ్లాయి. ప్రసంగం మొదలైన కాసేపటికి తాతయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత అక్క వైపు వంగి, "ఇక్కడికి సగమే వినబడుతోంది. ఇన్నాళ్లూ నువ్వు ఇంతే విన్నావా అమ్మా?" అని అడిగారు.

"అలవాటైపోయింది తాతయ్యా," అంది అక్క.

మూడు నెలల తర్వాత ఆయన్ని ముందుకు రమ్మన్నారు. వెళ్లలేదు, పోయేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నారు. అయినా దానివల్ల అక్కకు ఒరిగిందేమీ లేదు. మోతుబరిగారి అబ్బాయి మళ్లీ పత్రిక తెస్తే "నువ్వే చదువు," అంది. వాడు తడబడుతూ చదివాడు. వినేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, వానాకాలానికి వరండా ఖాళీ అయింది. తాతయ్య దాని కాలి కోసం రోజూ ప్రార్థించారు, కాలు అలాగే ఉంది. ముప్పై నిండకుండానే ఒక జ్వరంలో అక్క వెళ్లిపోయింది.

మొన్న నా మనవలు ఆ కథనే కొత్తగా తీసిన సినిమా చూస్తూ, పాతది గొప్పదా ఇది గొప్పదా అని మా వరండాలోలాగే కొట్లాడుకున్నారు. నేను పడవనే చూస్తూ కూర్చున్నాను. ఈసారి చుక్కాని దగ్గర ఎవరూ లేరు. పడవ మాయతో దానంతటదే వెళ్తోంది.

నేను విశ్వాసిని. ఆ కోనేటి దగ్గర మిగిలిపోయినవాళ్లంతా ఒకనాడు లేస్తారనే నమ్ముతాను. కానీ ఎప్పుడని అడిగితే నా దగ్గరా జవాబు లేదు, అందుకే ఎవరికీ రేపు బాగైపోతుందని చెప్పను. చర్చిలో ఆఖరి బెంచీ మీద ఎవరైనా ఒంటరిగా ఉంటే వెళ్లి పక్కన కూర్చుంటాను. సగమే వినబడుతుంది, ఆ సగమే ఇద్దరం వింటాం.