చదవకుండా పెట్టిన లింకు

ఈ పొద్దున కాఫీ తాగి ఫోను తెరిస్తే నా బ్లాగుకు మూడు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. మూడూ ఒకే మాదిరివి. మీ వ్యాసం ఎంతో నచ్చింది, ఇదే విషయం మీద మా సైటులో మంచి సమాచారం ఉంది, మీ పేజీలో మా లింకు పెడితే మీ పాఠకులకు ఉపయోగపడుతుంది అని. ఒకరు నన్ను సార్ అన్నారు. ఇంకొకరైతే మామిడి తాండ్ర ఎండబెట్టడం గురించి నేను రాసిన దాన్ని మెచ్చుకొని, దాని పక్కన కుక్కల బిస్కెట్ల పేజీకి చోటివ్వమని అడిగారు. నవ్వుకొని తీసేయవలసిన ఉత్తరాలే. కానీ వీటిని చూసినప్పుడల్లా నాకు తడలో ఉన్న నా స్నేహితురాలి అరచేతులు కళ్లముందుకు వస్తాయి, ఆ పూటంతా ఏ పని మీదా మనసు నిలవదు.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పెట్టిన కొత్తలో అక్కడ పనిచేసిన మా ఈడు ఆడవాళ్లకు ఒక పద్ధతి గుర్తుండే ఉంటుంది. లోపలికి రావడానికి కాగితాలు, సంతకాలు ఏమీ అక్కర్లేదు, మాలో చాలామందికి సంతకం రాదు కూడా. కొత్తామెను పాతామె ఒకరు వెంటబెట్టుకొని రావాలి, మొదటి వారమంతా ఆమె పక్కనే నిలబడి పనిచేయాలి, అంతే. నన్ను మా వదిన పిలుచుకొని పోయింది. రెండో రోజో మూడో రోజో నేను లోపల పుచ్చిన కాయను చూసుకోకుండా, కాయలు కదిలిపోయే బెల్టు మీదికి వదిలేశాను. మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. మా వదినను తీసుకుపోయి ఎండలో లారీల నుంచి కాయలు దించేచోట నిలబెట్టాడు. సాయంత్రం బస్సులో నేను తల ఎత్తలేకపోతే ఆమె నా డొక్కలో పొడిచి, "నిన్ను పిలుచుకొచ్చింది నేను గదమ్మే, శిక్ష నీకెట్లా ఏస్తారు? రేపట్నించి కండ్లు తెరిసి సూడు, సాలు" అని నవ్వింది.

ఆ ఫ్యాక్టరీలోనే, బెల్టుకు అటు నేను, ఇటు ఆమె, పదిహేను సీజన్లు ఎదురెదురుగా నిలబడి తొక్కలు తీసిన మనిషి నా స్నేహితురాలు. మా ఇద్దరికీ యాభై దాటాక, పొదుపు సంఘం వాళ్లు మధ్యాహ్నాలు తరగతి పెడితే, ఒకే పుస్తకం ముందు పెట్టుకొని అక్షరాలు నేర్చుకున్నాం. ఆమెకు ఒత్తులు తొందరగా వచ్చాయి, నాకు రాయడం తొందరగా వచ్చింది. తర్వాత నేను తిరుపతిలో కొడుకు దగ్గరికి వచ్చేశాను, ఆమె తడలో కూతురి దగ్గరికి పోయింది. మా కోడలు నాకు ఫోనులో బ్లాగు పెట్టించింది. అందులో మామిడి గురించి తప్ప ఇంకేమీ రాయను, ఇంకేమీ నాకు తెలియదు కూడా. ఏ కాయ ఎట్లా మాగుతుంది, తోతాపురి గుజ్జులో పులుపు ఎప్పుడు విరుగుతుంది, కాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన చేతిమీద పడితే ఏం చేయాలి, ఇట్లాంటివే.

నిరుడు ఎండలు ముదిరే ముందు, ఆ సొన గురించి రాసిన దానికి ఒక ఉత్తరం వచ్చింది. అమ్మా అని మొదలుపెట్టి, మీ అనుభవం చాలా గొప్పది అని రాశారు. జన్మలో నా పేరుమీద వచ్చిన మొదటి ఉత్తరం అది. నాలుగుసార్లు చదువుకున్నాను. ఒక మనిషి కూర్చొని, నన్ను తలచుకొని, ఇన్ని అక్షరాలు రాసిందంటే మాట కాదనడం ఎట్లా అనుకున్నాను. వాళ్లు పంపిన పేజీ తెరిచాను గానీ అది చాలా పొడుగు, నేను ఇప్పటికీ అక్షరం కింద వేలు పెట్టుకొని చదివే మనిషిని. మామిడి అని ఉంది, చేతులు అని ఉంది, చాలనుకున్నాను. కోడల్ని అడిగితే ఐదు నిమిషాల్లో చదివి చెప్పేది. ఉత్తరం నాకు కదా వచ్చింది అనే గర్వంతో అడగలేదు. లింకు పెట్టి, దాని పైన నా సొంత మాటలు కూడా ఒక వరస రాశాను, సొన తగిలినవాళ్లు ఇది చూడండి, మేలు జరుగుతుంది అని.

నెల తిరక్కముందే తడ నుంచి స్నేహితురాలి కూతురు ఫోను చేసింది. నా స్నేహితురాలు అక్కడ ఊరగాయ అంగడికి కాయలు ముక్కలు కొడుతుంది, ఏడాదిలో కాయలొచ్చే రెండు నెలలే ఆమెకు పని. నేను సూళ్లూరుపేటలో బస్సు మారి పోయేసరికి రెండు చేతులకూ తెల్లటి గుడ్డ చుట్టుకొని కూర్చొని ఉంది. గుడ్డ విప్పితే అరచేతులు పొక్కులెక్కి, వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఉన్నాయి. నేను చూపించిన పేజీలో అమ్మే పూతమందు తెప్పించుకొని, అందులో చెప్పినట్టే సొనను కడగకుండా దాని మీదే పూసుకొని ఎండలో ఆరబెట్టుకుందట.

"కడగకుండా పూసుకొన్యావా? సొన సంగతి నీకు తెలీదామ్మే?" అని అరిచాను.

"నాకు తెలుసు" అంది ఆమె. "నీకు నాకంటే బాగా తెలుసు అనుకొన్యా. నువ్వు సూడమన్యావు గదా."

వాళ్ల కూతురు అన్నం కలుపుతూ, "పెద్దమ్మా, ఆ సైటోడు వచ్చి మాయమ్మకు ముద్దలు పెడతాడా, కనుక్కో" అంది. ఆ పూట నేనే పెట్టాను. ఆమె నోరు తెరుస్తూ, "కారం తక్కువేసింది సూడు నా కూతురు, చేతులకు గాదు, నోటికి రోగమన్నట్టు" అని నన్ను నవ్వించాలని చూసింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకొని ఆ పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా రాసినవాళ్ల పేరు లేదు, ఊరు లేదు. అదే పూతమందు కాళ్ల పగుళ్లకూ మంచిదట, జుట్టు రాలడానికీ మంచిదట, ప్రతి పేరా కిందా కొనమని ఒక బొత్తాము. ఎవరైనా నొక్కి కొంటే వీళ్లకు వాటా ముడుతుందని, అందుకే ఇట్లాంటి పేజీలు కుప్పలుగా పుట్టుకొస్తున్నాయని కోడలు చెప్పింది. దాన్ని రాసినవాళ్లు బతుకులో ఒక్క కాయ తొడిమ కూడా తుంచలేదని నాకు రెండో పేరాలోనే తెలిసిపోయింది. లింకు పెట్టకముందే ఆ రెండు పేరాలు చదివి ఉంటే సరిపోయేది.

లింకు తీసేసి, నేను చదవకుండా పెట్టాను, తప్పు నాది అని బ్లాగులో రాశాను. వారానికి వాళ్ల నుంచి మళ్లీ ఉత్తరం, లింకు కనబడటం లేదు, దయచేసి సరిచేయండి అని. మీరెవరమ్మా, మీ మాట నమ్మి ఒక మనిషి చేతులు పోగొట్టుకుంది, ఒకసారి మాట్లాడండి అని జవాబు రాశాను. దానికి జవాబు రాలేదు. పది రోజులకు మొదటి ఉత్తరమే, అమ్మా అనే మాటతో సహా, మళ్లీ వచ్చింది.

స్నేహితురాలి చేతులు మానాయి గానీ ఆ సీజను పోయింది, కుడిచేతి వేళ్లు ఇప్పటికీ కత్తిని పూర్తిగా పట్టవు. నా మీద ఆమెకు కోపం లేదు. నేను ఏది రాసినా ఇప్పటికీ మొదట చదివేది ఆమే. కాకపోతే ఇదివరకు చదివి ఊరుకునేది, ఇప్పుడు చదవగానే ఫోను చేస్తుంది. "ఇది నువ్వే రాసినావా మే? నీకు తెలిసిందేనా?" అని అడుగుతుంది. అవునంటాను. నా గొంతు విన్నాకే సరే అంటుంది. కాగితంలో ఏముందో ఇంకొకరి నోట వినాల్సిన అవసరం తప్పుతుందని కదా, కళ్లు మసకబారే వయసులో మేమిద్దరం అక్షరాలు దిద్దాం. ఆ అవసరం తప్పిన కాలం మాకు కొన్నేళ్లే దక్కింది.